నేను కనని కల

మంగళవారం నేను కన్న కల శుక్రవారం పొద్దుటికి మా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.

కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ అక్క నన్ను గుమ్మంలోనే ఆపింది. ఇంత పెద్ద భవనంలో మా ఇంటి బయట మన భాష మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. "టీచరమ్మా, నీ కలలో ఆ తలుపు దానంతటదే తెరుచుకుందటగా" అంది. నేను తలుపు తెరుచుకుందని ఎవరికీ చెప్పలేదు. నీలం రంగు తలుపు అన్నాను, అంతే. తెరిచింది మా అత్తగారు. నిన్న బట్టలారేస్తూ ఆవిడ చెప్పేసరికి ఆ తలుపులోంచి వెలుగు కూడా వచ్చిందట. ఇలాగే వదిలేస్తే వచ్చే వారానికి ఆ వెలుగులోంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తారు. గోరంతను కొండంత చేయడం ఎవరైనా మా అత్తగారి దగ్గరే నేర్చుకోవాలి.

అసలు సంగతి ఏమిటంటే, నేను ఏ కలా కనలేదు.

నాకు కలలు రావు. తలగడ మీద తల పెడితే దుంగనే. పెళ్ళయిన కొత్తలో మా ఆయన భయపడి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు, ఊపిరి ఆడుతోందా లేదా అని. అలాంటిదాన్ని మంగళవారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని, కళ్ళు సగం మూసి, "అత్తయ్యా, నాకు కల వచ్చింది" అన్నాను. ఊరికే ఏదో పొద్దున కూడా కాదు. దేవుడా నాకు ఏది మంచిదో అటే దారి చూపించు అని ఇస్తిఖారా నమాజు చేసి, దువా చదువుకుని పడుకున్న రాత్రి తెల్లారి అన్నాను. ఆ మాట బరువు నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను. అందుకే నాలుగు రోజులుగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను.

పాలు తీసుకుని పైకొచ్చి ఇంట్లో అడుగు పెట్టేసరికి అత్తగారు ఉన్ని మేజోళ్ళు మంచం మీద వరసగా పరుచుకుని కూర్చున్నారు. నేను ఇంకా ఏ బడికీ ఒప్పుకుంటున్నానని రాయలేదు. ఆలూ లేదు చూలూ లేదు, ఆవిడ పెట్టె సగం సర్దేశారు. మూలనుండే బల్ల ఫ్యాను కనిపించలేదు. ఏదని అడిగితే దర్జీ అక్కకు ఇచ్చేశానన్నారు. చలి ఊళ్ళో ఫ్యానెందుకమ్మాయ్ అని నన్నే తిరిగి అడిగారు. ఆ ఫ్యాను లేకపోతే ఆవిడకు నిద్ర పట్టదు. గాలి కోసం కాదు, ఆ చప్పుడు కోసం.

చలి ఊరు, ఎండ ఊరు అని ఆ పేర్లు మేం పెట్టుకున్నవే.

నేను ఇంగ్లీషు చెబుతున్న సంస్థ ఈ నెలాఖరుకు మూతపడుతుంది. మా నలుగురి వీసాలూ నా ఉద్యోగానికే కట్టేసి ఉన్నాయి. పలుపు తెగితే ఆవూ దూడా అన్నీ రోడ్డు మీదే. పదిహేను చోట్లకు రాస్తే రెండు చోట్ల రమ్మన్నారు. రెండింటికీ గడువు ఒకటే, ఈ శుక్రవారం సాయంత్రం ఐదు.

ఎండ ఊరి ఆడపిల్లల బడి మాకు ఇల్లిస్తుంది, బస్సిస్తుంది. సందుకో మసీదు ఉంది. కోడిని ఎవరు కోశారు, ఎలా కోశారు అని దుకాణంలో నిలబడి ఆరా తీయక్కర్లేదు. నా తల మీది గుడ్డ వైపు ఎవరూ రెండోసారి చూడరు. అన్నీ బాగున్నాయి. కానీ ఆ హెడ్మిస్ట్రెస్ ఫోనులో నాకు చెప్పింది ఒక్కటే. పుస్తకం మేమిస్తాం, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివించండి, మధ్యలో మీ సొంత పైత్యం వద్దు అని. మర్యాదగానే అంది. పైగా నా వీసా మీద వచ్చిన మొగుడు అక్కడ పని చేయకూడదట. ఇరవై ఏళ్ళుగా ఫ్రిజ్జులూ ఏసీలూ విప్పి బిగిస్తున్న మనిషిని తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టాలి.

చలి ఊరు ఓడరేవు. అక్కడ నా దగ్గరికి వచ్చేది పిల్లలు కాదు, పెద్దవాళ్ళు. ఓడల్లో సరుకు దించేవాళ్ళు, ఆసుపత్రుల్లో నేల తుడిచేవాళ్ళు, నొప్పి ఎక్కడుందో డాక్టరుకు చెప్పుకోలేనివాళ్ళు. మొదటి రోజు క్లాసులో ఏం చేస్తారని అడిగారు. వాళ్ళను మాట్లాడనిచ్చి నేను వింటానన్నాను. ఫోనులో అటువైపున్న ఆవిడ, మాకు కావలసింది అదే అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకా మాట ఎవరూ చెప్పలేదు. నా తల గుడ్డ సంగతి నేనే కదిపితే, ఇక్కడి చలికి మేమందరమూ చుట్టుకుంటాం లెండి అని నవ్వింది.

కానీ మసీదు లేదు. తివాచీల కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకుని నమాజు చేసుకుంటారు. ఎండాకాలం పొద్దు రాత్రి పది దాటాక గాని కుంకదు, ఉపవాసమంటే ప్రాణం మీదికి వస్తుంది. చలికాలం మధ్యాహ్నపు నమాజు చేసి చాప మడిచేలోపు సాయంత్రపు నమాజు వేళవుతుంది.

ఇవన్నీ మా అత్తగారు ఒప్పుకున్నారు. ఆవిడ అడ్డుపడింది ఒక్క చోట.

మా వైపు ఆడమనిషి ఎవరు పోయినా ముందు మా అత్తగారికే కబురు వచ్చేది. ముప్ఫై ఏళ్ళు ఆవిడే కడిగి, గుడ్డ చుట్టి పంపించారు. అత్తలనూ కోడళ్ళనూ, ఆవిడతో పోట్లాడినవాళ్ళనూ, పురిట్లో పోయిన పిల్లలనూ. ఆ పనికి ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఇంటికొచ్చి తలారా స్నానం చేసి, ఆ రోజంతా ఎవరితోనూ కోపంగా మాట్లాడేవారు కాదు. అంతమందిని సాగనంపిన మనిషి పోయిన ఆదివారం అన్నం ముందు కూర్చుని అడిగారు. "అక్కడ నేను పోతే నన్ను కడిగేదెవరు?"

చావంటే ఆవిడకు భయం లేదు. చేతకానివాళ్ళ చేతుల్లో పడతానేమోనని భయం.

ఆ ప్రశ్న మోసుకుంటూనే సోమవారం రాత్రి నమాజు చేశాను. నిజంగానే చేశాను, అందులో అబద్ధం లేదు. ఇస్తిఖారాకు కల రావాలని ఎక్కడా రాసి లేదు, మనసు ఎటు మొగ్గితే అటు వెళ్ళమంటారు. నా మనసు చలి ఊరి వైపే మొగ్గింది. కానీ మనసు మొగ్గిందంటే మా ఇంట్లో ఎవరు వింటారు. నీ మనసు ముందు నుంచీ అటే ఉంది కదా అంటారు. కల వచ్చిందంటే ఇక ఎదురు చెప్పేవాళ్ళు ఉండరు. అందుకని టీ తాగుతూ, నీలం తలుపు, మూడు మెట్లు, మెట్ల కటకటాల మీద ఒక తెల్ల పిట్ట అని చెప్పుకుపోయాను. చెబుతుంటే నాకే ఎంత బాగుందో. ఆ తలుపు ముందు చలిగాలి కూడా నాకు తగిలింది.

ఆ తలుపు ఆదివారం నేను ఆ బడి వెబ్‌సైటులో చూసిన ఫోటోలోది. మెట్లూ అంతే, పిట్టా అంతే.

నా కూతురికి పద్నాలుగేళ్ళు, వాళ్ళ నానమ్మ పెట్టిన పేరు వాగుడుకాయ. అది నిన్న సాయంత్రం అదే ఫోటో పట్టుకుంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అది ఫోను ఎత్తుకుని నానమ్మ దగ్గరికి పరుగెత్తి, చూడు నానమ్మా, అచ్చం అమ్మ కలే అంది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ పిట్టను వేలితో తాకి, సుభానల్లా అని కళ్ళు తుడుచుకున్నారు. దొంగను పట్టుకోవలసిన చోట దొంగ మెడలో దండ వేశారు.

మా ఆయన మాత్రం ఆ ఫోటోను చూడలేదు. నన్ను చూశాడు.

ఈ పొద్దున సామాన్ల సంచి, గ్యాసు సిలిండరు పట్టుకుని పనికి బయల్దేరుతూ మెట్ల మలుపులో నా కోసం ఆగాడు.

"ఆ ఫోటో నువ్వు ఎప్పుడు చూశావు?"

"ఆదివారం."

"కల?"

నేను తల గుడ్డ సర్దుకున్నాను. ఆయన సంచి భుజం మార్చుకున్నాడు. అమ్మ నీ కల సంగతి ఊళ్ళో ఉన్న మా అక్కకు ఫోను చేసి చెప్పింది, అక్క ఏడ్చిందట అన్నాడు. మూడు మెట్లు దిగి మళ్ళీ ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అక్కడ నాకు పని దొరుకుతుంది. అందుకే నేనేమీ అనలేకపోతున్నాను."

ఆయన తిట్టినా బాగుండేది. పద్దెనిమిదేళ్ళలో మా ఆయన నన్ను తిట్టాల్సిన రోజులు చాలా వచ్చాయి, ఒక్కటీ వాడుకోలేదు.

సంస్థకు వెళ్ళేసరికి మేనేజరు గోడల మీది పటాలు పీకి చుట్టలు చుడుతున్నాడు. గోడ నిండా పటాలున్న మేర తెల్లటి మచ్చలు. నా క్లాసులో ఆ రోజు పదకొండు మంది. మీ గదిలోని కిటికీ గురించి అర పేజీ రాయండని వాళ్ళకు పని చెప్పి, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట మంచు దిగి ఎదుటి భవనం కనిపించలేదు. పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అలా నిలబడితే చాలు, ఈ మధ్య నేను అక్కడికి వెళ్ళిపోతున్నాను. ఒక ఎత్తు వీధి. తడి రాళ్ళు. దిగువన ఓడల కూతలు. నా చేతిలో సంచి, సంచిలో వాళ్ళ కాయితాలు. ఎవరో మందపాటి కోటు వేసుకున్న మనిషి నన్ను దాటిపోతూ తల ఊపుతాడు, నేనూ ఊపుతాను. మా ఆయన ఒక చేపల గిడ్డంగి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ ఉంటాడు. మేడ మీద కిటికీలో అత్తగారు కూర్చుని ఉంటారు. ఆ కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా నడక ఆగిపోతుంది. అందులో ఆవిడ ముఖం నాకు ఎప్పుడూ సరిగ్గా కనిపించదు. కళ్ళు తెరిచి కన్నది మాత్రం కల కాదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఉంటాను. నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

"టీచర్, మీరు ఎక్కడికి వెళ్తున్నారు?" హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ అడిగింది.

ఒక ఓడరేవుకు అని, ఇంకా చూడని ఊరి వీధులన్నీ వర్ణించాను. పదకొండు మందీ పెన్సిళ్ళు పక్కన పెట్టి విన్నారు. అంతా అయ్యాక ఆవిడ నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, అక్కడ మీకు ఎవరున్నారు అంది. ఎవరూ లేరన్నాను. ఆ గదిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకనాడు అదే మాట అనుకుని బయల్దేరినవాళ్ళే. ఇస్త్రీ ఆవిడ తన కాయితం వైపు తల దించుకుని, మొదట్లో చాలా కష్టం, ముసలివాళ్ళకు ఇంకా కష్టం అంది.

మూడింటికి ఇల్లు చేరాను. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, ఫోను ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చలి ఊరి నమాజు గది తాళంచెవులు ఒక పెద్దాయన దగ్గర ఉంటాయి. బస్సు నడిపి రిటైరయిన మనిషి. శుక్రవారం నమాజు అయ్యాక ఆయనే ఫోను చేస్తానన్నాడు. కల వచ్చాక ఇంకా అడగడమెందుకు అత్తయ్యా అని నేను రెండు రోజులుగా ఆ ఫోనును తప్పించాలని చూశాను. ఆవిడ వినలేదు. దేవుడు తలుపు చూపిస్తాడు, లోపల ఎవరున్నారో మనమే అడిగి తెలుసుకోవాలి అన్నారు.

ఫోను మోగింది. పెద్దాయన సలాము చెప్పాడు. ఆయన ఇంగ్లీషు నిదానంగా, గొంతు బొంగురుగా ఉంది. మధ్యలో అటు మాట ఇటు మార్చి చెప్పేది నేను. వాగుడుకాయ నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఆపిల్ పండు కొరుకుతోంది.

మనవాళ్ళకు శ్మశానం ఉందా అని అత్తగారు అడగమన్నారు. ఊరి శ్మశానంలోనే ఒక మూల ఇచ్చారట, ఏడు సమాధులు ఉన్నాయట. చెప్పాను. అత్తగారు తల ఊపారు. ఆడవాళ్ళను కడిగే ఆడవాళ్ళు ఉన్నారా అని అడగమన్నారు.

అడిగాను. పెద్దాయన చెప్పాడు. లేరమ్మా. పోయిన చలికాలం ఒక ఆవిడ పోయింది. తెలిసినవాళ్ళు ఎవరూ లేక రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచాం. ఆఖరికి నా భార్యా, ఒక నర్సూ గదిలోకి వెళ్ళారు. నేను తలుపు ఇవతల నిలబడి ఫోనులో ఉన్నది చదువుతుంటే లోపల వాళ్ళు చేశారు. మా చేతకానితనాన్ని అల్లా మన్నించాలి.

అత్తగారు నా నోటి వైపు చూస్తున్నారు.

"అత్తయ్యా, ఆయన భార్య ఉంది, ఇంకొక నర్సమ్మ ఉంది. పోయిన ఏడు ఒకావిడను వాళ్ళే కడిగారట."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే నన్ను భయపెట్టింది. మొదటి అబద్ధానికి రాత్రంతా ఆలోచించాల్సి వచ్చింది. ఈ రెండోది నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది.

వాగుడుకాయ కొరకడం ఆపింది. అది ఈ దేశం బడిలో ఇంగ్లీషులోనే చదువుకున్న పిల్ల, పెద్దాయన అన్న ప్రతి మాటా దానికి అర్థమైంది. అది నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. కోపం కాదు. అమ్మ ఇలా కూడా చేస్తుందా అని. "అమ్మా" అంది, అంతే.

నేను తల దించుకున్నాను. "అది కాదు అత్తయ్యా. సగమే చెప్పాను" అని మొత్తం చెప్పాను. రెండు రోజులు, తలుపు, ఫోనులో చదవడం, అన్నీ.

ఆవిడ ఆ పోయిన అమ్మాయి వయసెంతో అడగమన్నారు. ముప్ఫై రెండట. పిల్లలున్నారా అని అడగమన్నారు. ఇద్దరట. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నారు. తర్వాత కుర్చీ ఫోను దగ్గరికి జరుపుకుని, నేను చెప్పేది ఆయనకు చెప్పు అన్నారు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, బతికున్న మనిషి ఓర్చుకునేంతే ఉండాలి. పైన గుడ్డ తీయకూడదు, గుడ్డ కిందనుంచే చేతికి బట్ట చుట్టుకుని కడగాలి. కుడి పక్క ముందు. గట్టిగా రుద్దొద్దు, ఆ మనిషికి నొప్పి తెలిసినట్టే చూడాలి. జుట్టు చిక్కు లాగొద్దు. నేను ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే అటువైపు పెద్దాయన కలంతో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. మధ్యలో ఒకసారి ఆయన ముక్కు చీదుకున్నాడు.

ఫోను పెట్టేశాక అత్తగారి ముఖం వెలిగిపోతోంది. నేను అంత వెలుగు ఆ ముఖంలో మామగారు పోయాక చూడలేదు.

"ఇప్పుడర్థమైందమ్మాయ్, నీకా తలుపు ఎందుకు కనిపించిందో. అక్కడ నన్ను కడిగేవాళ్ళు ఉన్నారా అని నేను ఏడుస్తున్నాను. అక్కడివాళ్ళు కడిగేవాళ్ళు లేక ఏడుస్తున్నారు. ఆ కల నీకు కాదు. నాకే పంపించాడు, నీ ద్వారా."

ఇక నావల్ల కాలేదు. ముసలావిడ దేవుడే పిలిచాడనుకుని, ఫ్యాను దానం చేసి, ఎముకలు కొరికే చలిలోకి నా అబద్ధం పట్టుకుని నడిచివస్తోంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది నేనే. వాగుడుకాయను కిందికి, దర్జీ అక్క దగ్గరికి పంపించాను. తలుపు వేసి వచ్చి ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, నాకు కల రాలేదు."

ఆవిడకు వెంటనే ఎక్కలేదు. చిరునవ్వు అలాగే ఉంది.

"ఆదివారం ఆ ఫోటో చూశాను. అందులో ఉన్నదే చెప్పాను."

"తలుపు?"

"ఫోటోలోది."

"పిట్ట?"

"అదీ అంతే."

ఆవిడ మేజోళ్ళ జతను ఒకసారి విప్పి, మళ్ళీ మడిచారు. గోడ గడియారం చూశాను. నాలుగు దాటి ఐదు నిమిషాలు. తిడతారేమో, ఏడుస్తారేమో అని నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ మాట్లాడారు, ఎవరికో చెబుతున్నట్టు, కిటికీ వైపు చూస్తూ.

"సోమవారం రాత్రి నేనూ నమాజు చేసుకుని పడుకున్నాను. నీకు చెప్పలేదు."

నేను తలెత్తాను.

"నాకు వచ్చింది. మీ మామయ్య ఎండలో అరుగు మీద కూర్చున్నారు. మంచి ఎండ. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చారు. మాటా పలుకూ లేదు, అంతే." ఆవిడ మేజోళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏడేళ్ళయింది ఆయన పోయి. ఒక్కనాడు కనిపించలేదు. లేవగానే నీకు చెబుదామని వంటింట్లోకి వచ్చాను. నువ్వు గ్లాసు పట్టుకుని, అత్తయ్యా నాకు కల వచ్చింది అన్నావు."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"ఇంటికి రెండు కలలెందుకు? వెళ్ళి పాఠం చెప్పేది నువ్వు, ఇల్లు నడిపేది నువ్వు. నీ కలే పెద్దదనుకున్నాను. ఆయన్ను అక్కడే వదిలేసి వచ్చేశాను."

రోజంతా పదిమంది చేత మాట్లాడించే దాన్ని, నాకు ఒక్క మాట దొరకలేదు. ఆవిడ పాదాలు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నారు. మనిషి కాళ్ళు మనిషి పట్టుకోకూడదు, లే అన్నారు. అది కోపంతో అన్నారో అలవాటుగా అన్నారో తెలియలేదు.

"మనసు అటు మొగ్గింది అత్తయ్యా అంటే సరిపోయేది కదా. నేను వద్దనేదాన్ని. నువ్వు పోట్లాడేదానివి. రెండు రోజులు అన్నం మానేసి మూడో రోజు నేనే దిగివచ్చేదాన్ని. పద్దెనిమిదేళ్ళుగా అదే కదా చేస్తున్నాం. దేవుణ్ణి ఎందుకు తెచ్చావు మధ్యలోకి?"

నేను లేచి గోడకు ఆనుకున్నాను.

"సరే, ఇప్పుడు ఎవర్నీ తేకుండా చెప్పు. నీకు ఎక్కడికి వెళ్ళాలనుంది?"

ఎండ ఊరికి అనేయాలని ఉంది. ఆ క్షణాన ఆవిడ కోసం ఏదైనా అనేయాలని ఉంది. కానీ అది మూడో అబద్ధం అవుతుంది.

"చలి ఊరికే అత్తయ్యా."

ఆవిడ తల ఊపారు. మేజోళ్ళు తీసుకుని లేచి, తన గదిలోకి వెళ్ళారు. లోపల పెట్టె మూత తెరిచిన చప్పుడు, ఒక్కొక్క బట్టా తీస్తున్న చప్పుడు. సర్దుతున్నారో, సర్దినది తీసేస్తున్నారో నాకు తెలియలేదు. వెళ్ళి చూసే ధైర్యం లేదు.

ఐదుకింకా పది నిమిషాలు ఉండగా మా ఆయన వచ్చాడు. చేతులకు నూనె మరకలు అలాగే ఉన్నాయి. ముఖం మాత్రం ఈ వారంలో మొదటిసారి తేలిగ్గా ఉంది. దారిలో టిక్కెట్ల ఆఫీసులో ఆగాడట, చలి ఊరికి నాలుగు సీట్లు పక్కపక్కనే ఉన్నాయట, ఉత్తరం పంపగానే తీసేసుకోవచ్చట. చెబుతూ చెబుతూ నా ముఖం చూసి ఆగిపోయాడు.

అత్తగారు గది గుమ్మంలోకి వచ్చారు.

"ఒరేయ్, అది కల కాదని నీకు తెలుసా?"

ఆయన నన్ను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు. తెలుసని అనలేదు, తెలియదనీ అనలేదు. పొద్దున మెట్ల మీద నాతో అన్న మాట ఆయన గొంతులోనే ఉండిపోయింది. ఆవిడ కొడుకు ముఖాన్ని చాలాసేపు చూశారు. నేను చెప్పినప్పుడు కూడా తొణకని మనిషి, ఇప్పుడు గుమ్మం పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"టిక్కెట్లు మూడు చాలు" అన్నారు.

"అమ్మా, మూడేమిటి, మనం నలుగురం" అంటూ ఆయన ముందుకు వెళ్ళేసరికి తలుపు పడింది. మా అత్తగారు తన గది తలుపు పగలు వేయడం నేనెన్నడూ చూడలేదు. ఆయన ఆ తలుపు ముందు నిలబడిపోయాడు. నా చేతిలో ఫోను ఉంది, అందులో చలి ఊరికి రాసిన ఉత్తరం పంపడానికి సిద్ధంగా ఉంది, ఐదుకింకా ఆరు నిమిషాలున్నాయి.